ఈడిపస్ పాత్రము - మనస్తత్త్వశాస్త్రపు మేర

కావ్యపాత్రముల నాధునిక మనస్తత్త్వశాస్త్రము ననుసరించి వ్యాఖ్యానించుట విమర్శకులలోఁ బరిపాటియైనది. ఆ శాస్త్రము కావ్యమున నెంతవఱకుఁ బ్రమాణమగునో నిర్ణయింపవలసియున్నది. ఈ విచారమునకు, గ్రీకుకవి సోఫోక్లీసు క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున రచించిన ఈడిపస్ నాటకముకంటెఁ దగిన యుదాహరణము లేదు. ఏలయన, ఆ శాస్త్రములోని యొక ముఖ్యసిద్ధాంతము ఆ నాయకుని పేరనే పరఁగుచున్నది.

మొదట పూర్వపక్షము. ఫ్రాయిడు 1897 అక్టోబరులోఁ దన మిత్రుఁడు ఫ్లీసునకు వ్రాసిన లేఖయందును, 1900 సంవత్సరపు ముద్రతో వెలువడిన స్వప్నవ్యాఖ్యానగ్రంథమునందును ఈ నాటకమును బ్రస్తావించెను. శిశువునకుఁ దల్లియందు రాగమును, దండ్రియందు మాత్సర్యమును బుట్టుననియు, అవి యణఁగి యవ్యక్తచిత్తమున నిలుచుననియు, ఈడిపస్ కథలో నవి ఫలించుట చూచి ప్రేక్షకుఁడు కంపించుననియు నతని మతము. ఈ భావమునకు ఈడిపస్ గ్రంథి యను పేరు 1910లో నేర్పడెను. ఇట్టి స్వప్నములు పెక్కండ్రకుఁ గలవని జొకాస్టా యనుట యీ మతమునకు లింగముగాఁ జూపఁబడినది.

ఇఁక సిద్ధాంతము. మాతృశబ్దము సంబంధిశబ్దము. తల్లిని సేవింపవలెనన్నచో, ఎవని తల్లిని వాఁడే సేవింపవలెనను నర్థము వేఱుగాఁ జెప్పకయే తెలియునని మహాభాష్యకారుఁడు వివరించెను. ఈడిపస్ మనస్సులో మాతృశబ్దమున కర్థమెవరు? తన్నుఁ బెంచిన కొరింథు రాణి మెరోపీ. తండ్రి యెవరు? పోలిబస్. జొకాస్టా యతనిని బుట్టిన మూఁడుదినములు నిండకమున్నే విడిచినది. కావున రాగమాత్సర్యము లతని చిత్తమున నున్నయెడల మెరోపీ పోలిబసుల యందే యుండవలెను. అతఁడు దైవవాణి విని కొరింథు విడిచి పాఱిపోవుట యణఁగిన కోరికకు గుఱుతే యందురేని, ఆ పలాయనమునకు మాత్రమే కారణము చెప్పినట్లగును. త్రోవలో నెదురైన వృద్ధుని వధయు, థీబ్సు రాణితో వివాహమును వివరింపఁబడవు. వారిరువురు నతని దృష్టిలోఁ బరులు. ఫ్రెంచి పండితుఁడు వెర్నాఁ 1967లో నీ యాక్షేపమునే చేసెను.

స్వప్నవాక్యమునకును బ్రకరణమును జూడవలెను. పోలిబస్ మరణవార్త వచ్చినది. తల్లిని గూర్చిన భయము మాత్రము నాయకునకుఁ దీఱలేదు. దైవవాణియందు విశ్వాసము సడలించి యతని నూఱడించుటకై జొకాస్టా లోకమునఁ బలువురి కలలను బేర్కొనుచున్నది. ఈడిపస్ అట్టి కల గన్నట్లు నాటకమున నెచ్చటను లేదు.

అట్లని మనస్తత్త్వవిచారము వ్యర్థము కాదు. టైరీసియస్ నోరు విప్పకుండినంతనే రాజు కోపించి, హంతకులతోఁ గుట్రపన్నితివని యతనిపై నింద మోపును. పిమ్మటఁ గ్రియానును రాజద్రోహిగాఁ దలఁచును. ఆ యాగ్రహమే మూఁడుత్రోవల కూడలిలోఁ దన తలపై ములుకోలఁ గొట్టిన వృద్ధునిఁ జంపించినది. మఱియు, కొరింథు దూత మాటలు విని జొకాస్టా సత్యమును ముందుగా గ్రహించి, ఇఁక విచారింపవలదని వేఁడుకొనఁగా, ఈడిపస్ ఆమె తన హీనజన్మమునకు సిగ్గుపడుచున్నదని తలఁచును. ఒకరు తెలిసి దాఁచుట, ఒకరు వినియుఁ దెలియకుండుట: ఈ చిత్తవృత్తులు పాత్రముల మాటలలోనే యున్నవి. ఇచ్చట శాస్త్రము దీపమువలె నుపకరించును.

ఫ్రాయిడు ప్రధానముగాఁ జెప్పినది ప్రేక్షకుని గూర్చి. రసాస్వాదమునకు సహృదయునియందు వాసన యుండవలెనని యభినవగుప్తుఁడు చెప్పినదానికి నిది యీ యంశమున సన్నిహితము. కావున నా సిద్ధాంతమునకుఁ బ్రేక్షకుఁడు ఆశ్రయము; దాని సాధ్వసాధుత్వము నచ్చటనే పరీక్షింపవలెను. దానిని దెచ్చి నాయకునిపై నారోపించుట యాశ్రయమును దాఱుమాఱు చేయుట.

ఈ దోషము చిన్నది కాదు. ఈడిపస్ తల్లిని గోరెనని బోధించినచో, విద్యార్థికి నాటకములోని శోకమే దక్కదు. పాపమును దప్పించుకొనఁబోయి, ఆ దారిలోనే పాపమున కెదురేగుట యతని దుఃఖము. కోరి చేసినవానియందు జుగుప్స పుట్టును. ఎఱుఁగక చేసి, యెఱిఁగి, తన కన్నులఁ దానే పొడుచుకొన్నవానియందుఁ గరుణ పుట్టును.