నంబరొక్కటే చాలదు

కోనసీమలో అర ఎకరం కొబ్బరి తోట చేతులు మారిందంటే, విక్రయ దస్తావేజులో ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు రావాలి. 'దిగువ షెడ్యూలు ఆస్తి ఫలానా తేదీన ఫలానా వారి వద్ద నేను కొనగా, అమలాపురం సబ్‌రిజిస్ట్రారు వారి ఆఫీసులో 1వ పుస్తకం, 1974వ సంవత్సరపు 1568వ నంబరుగా రిజిస్టరు కాబడిన దస్తావేజు మూలకంగా నాకు సంక్రమించి, నేటివరకు నా స్వాధీనానుభవములో ఉన్నది' అన్నది దస్తావేజు లేఖరుల ధోరణి. (నంబరు మాత్రం ఉదాహరణకు వేసినదే.) ఇలా ప్రస్తావించే పాత పత్రాన్ని లింకు డాక్యుమెంటు అంటారు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకూ ఇదే అవసరం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కోసం తయారుచేసిన గిట్, కోడులో చేసిన ప్రతి మార్పునూ ఒక కమిట్‌గా నమోదు చేస్తుంది. కొత్త మార్పు ఎందుకు చేయాల్సి వచ్చిందో చెప్పాలంటే పాత కమిట్ పేరెత్తక తప్పదు. ఎలా ఎత్తాలన్నదానికి కొన్ని పద్ధతులున్నాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కోడు రాసుకునే గోదావరి జిల్లాల కుర్రాళ్లు ఇంటి బీరువాలోని దస్తావేజుల కట్ట విప్పి చదివితే ఆ పద్ధతుల్లో సగం అక్కడే కనిపిస్తాయి.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పత్రాల నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఏ ఆఫీసు వరస దానిదే. కాబట్టి 1568 అని ఊరుకుంటే భీమవరంలోనూ ఉండొచ్చు, రాజమండ్రిలోనూ ఉండొచ్చు, ఏ ఏడాదిదైనా కావొచ్చు. నంబరు, సంవత్సరం, ఆఫీసు మూడూ కలిస్తేనే పత్రం ఫలానా అని తేలుతుంది. లేఖరి అక్కడితో ఆగడు. రాసిచ్చినదెవరు, రాయించుకున్నదెవరు, ఏ తేదీ, ఎన్ని సెంట్లు అన్నీ రాస్తాడు. చాదస్తంలా ఉంటుంది గానీ, 1568 కాస్తా 1586 అయి కూర్చున్న రోజున దాని విలువ తెలుస్తుంది. ఆ నంబరు వేరెవరి ఇంటి స్థలానికో దారితీస్తే, పేర్లు కలవకపోవడంతోనే తప్పు దొరికిపోతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో పేర్లవారీగా ఒక సూచిక, ఆస్తులవారీగా ఒక సూచిక ఉంటాయి గనుక అసలు పత్రాన్నీ పట్టుకోవచ్చు.

గిట్‌లో కమిట్‌కు నలభై అక్షరాల గుర్తు ఉంటుంది, దాన్ని హ్యాష్ అంటారు. ఆ మార్పులోని సరుకు, దాని ముందరి కమిట్, రాసినవారి పేరు, సందేశం అన్నీ కలిపి లెక్కగట్టి వచ్చేది కాబట్టి సంవత్సరమూ ఆఫీసూ చెప్పనక్కర్లేదు. నలభై అక్షరాలూ చదవడం కష్టమని మొదటి ఏడూ రాసి ఊరుకోవడం చాలామందికి అలవాటు. లినక్స్ కెర్నెల్ అంత పెద్ద ప్రాజెక్టులో ఆ ఏడు అక్షరాలు ఒకటికి మించిన వాటికి సరిపోతాయి. అందుకే అక్కడ కనీసం పన్నెండు అక్షరాలు రాసి, పక్కనే బ్రాకెట్లలో ఆ కమిట్ శీర్షిక కూడా ఇవ్వాలి. గిట్‌ను తయారుచేసేవాళ్లు శీర్షికతో పాటు తేదీ కూడా కోరతారు. 2020 జనవరిలో వచ్చిన 2.25 వెర్షన్ నుంచి ఆ వరసలో రాసిచ్చే వెసులుబాటు గిట్‌లోనే ఉంది. హ్యాష్ యంత్రానికి, శీర్షిక మనిషికి. నన్నడిగితే రెండోదే ముఖ్యం. పాత కమిట్ తెరిచి చూడాలా వద్దా అని చదివేవాడు తెరవకుండానే తేల్చుకుంటాడు.

దస్తావేజులో రాసే హద్దుల సంగతి వేరు. తూర్పు ఫలానా వారి చేను, దక్షిణం పంట బోదె, ఉత్తరం గోదావరి. ఆ ఫలానా వారు ఎప్పుడో అమ్ముకుని వెళ్లిపోయి ఉంటారు, బోదె పూడిపోయి ఉంటుంది. లంక భూముల్లో గోదావరి ఉన్నచోట ఉండదు, ఒక ఒడ్డు కోసి ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. 'పోయిన వారం చేసిన మార్పు', 'దీనికి ముందరి మూడో కమిట్' అని రాయడం ఇలాంటిదే. రాసిన రోజు నిజం, తర్వాత అగమ్యం. ఊళ్ల చిరునామాలూ నిలవవు. 1974 పత్రంలో తూర్పు గోదావరి జిల్లా, అమలాపురం తాలూకా అని ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2022లో అమలాపురం కోనసీమ జిల్లాకు వెళ్లింది. నంబరు, సంవత్సరం, ఆఫీసు పట్టుకుని వెళ్తే ఆ పత్రం ఇప్పటికీ దొరుకుతుంది.

తప్పు దిద్దే పద్ధతిలో మాత్రం లేఖరులదే పైచేయి. పాత పత్రాన్ని కొట్టేయరు, సవరణ దస్తావేజు రాస్తారు. ఫలానా నంబరు పత్రంలో సర్వే నంబరు 125/3 అని ఉండాల్సిన చోట పొరపాటున 125/2 అని పడినందున, అని కారణం చెప్పి తీరాలి. గిట్‌లో రివర్ట్ చేస్తే ఏ కమిట్‌ను రద్దు చేశామో పూర్తి హ్యాష్‌తో సహా అదే రాసిపెడుతుంది. ఎందుకు రద్దు చేశామో మనమే రాయాలి, చాలామంది రాయరు. కెర్నెల్‌లో సవరణ సందేశంలో, తప్పు తెచ్చిన పాత కమిట్‌ను చెప్పే 'ఫిక్సెస్' అనే పంక్తికి ఇంకో ప్రయోజనం ఉంది. పాత వెర్షన్లను నడిపేవాళ్లు, తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో దాన్నిబట్టి చూసి, ఆ సవరణ తమకు కావాలో వద్దో తేల్చుకుంటారు. మనం కొనబోయే ముందు ఇ.సి. (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించుకోవడం లాంటిదే అది.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేతో కొత్త చిక్కు వచ్చింది. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. గిట్‌లో చరిత్రను తిరగరాసినా ఇంతే, మార్చినచోటు నుంచి ప్రతి హ్యాషూ మారిపోతుంది, సందేశాల్లో రాసిన పాత హ్యాషులు అనాథలవుతాయి. ఎల్.ఎల్.వి.ఎం. అనే కంపైలర్ ప్రాజెక్టు 2019లో, గిట్ లాంటి పనే చేసే సబ్‌వర్షన్ వదిలి గిట్‌కు మారినప్పుడు, పాత కమిట్ల సందేశాల చివర వాటి సబ్‌వర్షన్ నంబర్లను అలాగే ఉంచింది. ఇక్కడా షెడ్యూలులో కొత్త ఎల్.పి.ఎం. నంబరు పక్కన పాత సర్వే (ఆర్.ఎస్.) నంబరు రాయించుకోవాలి. లేకపోతే 1974 పత్రంలోని తోటా, ఇప్పుడు అమ్ముతున్న తోటా ఒకటేనని నిరూపించే భారం కొన్నవాడి మీద పడుతుంది.