వేపమందు – మిత్రకీటకాలు : ఒక గ్రంథ విమర్శ

వేపచెట్టును గూర్చి తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఉగాది పచ్చడి మొదలు ధాన్యపు గాదెలో వేసే ఎండుటాకు వరకు అది మన ఇంటి చెట్టు. ఆ చెట్టులోని కీటకనాశక గుణాలను లోకానికి చాటిన గ్రంథాలలో ఒకటి 1992లో వాషింగ్టన్ నగరంలో వెలువడింది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి ప్రకటించిన ఆ పుస్తకానికి 'వేప: ప్రపంచ సమస్యలను పరిష్కరించే వృక్షం' అని పేరు. వేపమందు చీడపురుగులను అణచి మిత్రకీటకాలను విడిచిపెడుతుందనే మాటకు అందులో చక్కని సమర్థన కలదు. ఆ సమర్థన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది పండితుల తర్కానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మిరప పండించే కుటుంబం నుండి వచ్చిన మా విద్యార్థి ఒకడు ఒకనాడు నన్ను ఇలా అడిగాడు: "మా నాన్నగారు వారం వారం వేపమందు కొడుతున్నారండీ. అది చెట్టు మందే గదా, ఎన్నిసార్లు కొట్టినా అక్షింతల పురుగులకు ఏమీ కాదంటారు. నిజమేనా?" ఆ ప్రశ్నకు నేను వెంటనే అవునని చెప్పలేకపోయాను.

ముందుగా గ్రంథంలోని మంచిని చెప్పుకోవాలి. వేప కథను అది ఆసక్తికరంగా వివరిస్తుంది. 1959లో సూడాన్ దేశంలో మిడతల దండు చెట్లన్నిటినీ తినివేసి వేపను మాత్రం విడిచిపెట్టిన వైనాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్ముటరర్ గమనించాడు. 1962లో ఢిల్లీలో ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పొడిని నీట కలిపి పైరుపై చల్లి, మిడతలు ఆ పైరును ముట్టవని చూపారు. 1968లో బటర్‌వర్త్, మోర్గన్ అనే ఇద్దరు గింజ నుండి అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. వేప కీర్తికి ఇవన్నీ గట్టి పునాదులు.

ఇక వాదన. వేపమందు పనిచేయాలంటే అది ముఖ్యంగా నోటి ద్వారా పురుగు కడుపులోకి పోవాలి. ఆకు తినే పురుగు దానిని తింటుంది. ఇతర పురుగులను తినే పరభక్షకాలు, తేనె త్రాగే తేనెటీగలు ఆకును ముట్టవు. కనుక వాటికి చేరే మందు స్వల్పం. ఈ తర్కం వినడానికి ఇంపుగానే ఉన్నది. సాలీళ్ళ విషయంలో ఇది చాలావరకు సరిపోతుంది కూడా. కాని అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు వంటి వాటి జీవితచరిత్రను దీని ప్రక్కన పెట్టి చూస్తే లోపం బయటపడుతుంది.

అక్షింతల పురుగు గ్రుడ్డు నుండి రాగానే చుక్కల రెక్కలతో తిరగదు. మొదట పొడుగుపాటి పిల్లపురుగుగా ఉండి, పేనుబంకను తింటూ, మూడుసార్లు కుబుసం విడిచి, పిమ్మట ప్యూపాగా మారి, చివరకు రెక్కల పురుగు అవుతుంది. అజాడిరాక్టిన్ దెబ్బతీసేది కుబుసం విడిపించే హార్మోనునే. ఆ హార్మోను శత్రువుకూ మిత్రునికీ ఒకటే. మందు తుంపరలు పిల్లపురుగు మెత్తని ఒంటిపై నేరుగా పడతాయి. మందు తడిసిన పేనుబంకతో కూడా కొంత లోపలికి పోతుంది. 1997లో బాంకెన్, స్టార్క్ అనే శాస్త్రజ్ఞులు ఏడుచుక్కల అక్షింతల పురుగుపై వేపమందును నేరుగా ప్రయోగించి, దాని ప్రభావం పురుగు దశను బట్టి, వయస్సును బట్టి మారుతుందని ప్రకటించారు. కనుక మందు కొట్టిన మరునాడు చేలో రెక్కల పురుగులు తిరగడం చూసి, హాని లేదనుకోవడం పొరపాటు. పిల్లపురుగులకు కలిగిన నష్టం అవి కుబుసం విడవవలసిన రోజున గాని తెలియదు.

రెండవ లోపం లెక్కకు సంబంధించినది. చావు ఒక్కటే నష్టం కాదు. జీవనియంత్రణ అంతర్జాతీయ సంస్థ వారి పరీక్షా విధానంలో సంతానం తగ్గుదలను కూడా లెక్కించే పద్ధతి ఉన్నది. ఉదాహరణకు నూరు పిల్లపురుగులలో ఇరవై చనిపోయినవని, బ్రతికిన ఎనభై పెరిగి సగం గ్రుడ్లే పెట్టినవని అనుకుందాం. చావును మాత్రమే చూస్తే నష్టం నూటికి 20. సంతానాన్ని కూడా కలిపితే నూటికి 60. ప్రయోగశాల పరీక్షలో నూటికి 30కి లోపు నష్టం ఉంటే ఆ మందును 'హానిరహితం' అంటారు. ఒకే మందు ఒక లెక్కలో హానిరహితం, మరొక లెక్కలో హానికరం అవుతున్నదన్నమాట!

మూడవది, 'వేపమందు' అనే పేరు క్రింద అనేక వస్తువులు ఉన్నాయి. ఇంట్లో చేసుకునే 5 శాతం గింజల కషాయం ఒకటి, నూనె మరొకటి, అంగడిలో 300 పి.పి.ఎం. నుండి 50,000 పి.పి.ఎం. వరకు దొరికే సీసాలు ఇంకొకటి. 300 పి.పి.ఎం. మందును లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపితే ఆ నీటిలో అజాడిరాక్టిన్ 1.5 మిల్లీగ్రాములు, 10,000 పి.పి.ఎం. మందును 2 మిల్లీలీటర్లే కలిపినా 20 మిల్లీగ్రాములు. నూనె అయితే మెత్తని పురుగుల ఊపిరి రంధ్రాలను కప్పి కూడా చంపగలదు. అప్పుడు నోటితో పనే లేదు. వీటన్నిటికీ ఒకే తీర్పు చెప్పడం తగదు.

చెట్టు నుండి వచ్చినంత మాత్రాన మందు సాధువు కాదు. చామంతి జాతి పూల నుండి తీసే పైరెత్రమ్ తగిలితే చాలు, శత్రువనీ మిత్రుడనీ చూడక చంపుతుంది.

అలాగని వేపను విడిచిపెట్టమని నేననడం లేదు. అనేక రసాయనిక మందులతో పోలిస్తే మిత్రకీటకాలకు వేప వలన కీడు తక్కువే. ఎండకు అజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోవడం కూడా వాటికి మేలే. గ్రంథం చేసిన ఈ పోలిక సరియైనది. 'తక్కువ హాని' అన్న మాట ప్రచారంలో 'హాని లేదు'గా మారడమే చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2004-05 నుండి రసాయనిక మందులు లేని సస్యరక్షణను చేపట్టిన గ్రామాలకు వేప కషాయం ఎంత ఆధారమో మిత్రకీటకాలు కూడా అంతే ఆధారం. ఒక ఆధారంతో రెండవదానిని నరుక్కోకూడదు.

మా విద్యార్థికి చివరకు నేను చెప్పిన సమాధానం ఇది: "మీ నాన్నగారిని వారం చూసి కాక, పైరును చూసి కొట్టమను. ముందు ఆకులు తిరగవేసి అక్షింతల పురుగు పిల్లలు ఎన్ని ఉన్నవో చూడండి. పేనుబంక మధ్య అవి దండిగా ఉంటే నాలుగు రోజులు ఆగండి. కొట్టక తప్పకపోతే పురుగు పట్టిన మొక్కలకే, సాయంకాలం వేళ కొట్టండి. జీతం అడగని పాలేర్లు అవి; వాటిని పసితనంలో కాపాడుకోవాలి."