'గాలివాన'లో బతికినవారు, పోయినవారు

ప్రకృతికి మనిషి మీద పగ లేదు, దయా లేదు. దీన్ని కథగా మలచడం సులభం కాదు. కథలో తుఫాను వచ్చిందంటే అది ఎవరికో గుణపాఠం చెప్పడానికే వచ్చిందని భావించడం మనకు అలవాటు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'ను కూడా అలాగే చదవడం కద్దు. నియమనిష్ఠలే జీవితమనుకున్న రావుగారికి గాలివాన బుద్ధి చెప్పిందంటారు. ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసి ఉంది.

ఇందుకు స్టీఫెన్ క్రేన్ 1897లో ప్రచురించిన 'ది ఓపెన్ బోట్' కథ తోడ్పడుతుంది. ఆ ఏడాది జనవరిలో క్యూబాకు ఆయుధాలు తీసుకువెళుతున్న కమొడోర్ ఓడ ఫ్లోరిడా తీరానికి దూరంగా మునిగిపోయింది. విలేఖరిగా అందులో ఉన్న క్రేన్ మరి ముగ్గురితో చిన్న పడవలో బయటపడ్డాడు. ఆ అనుభవమే కథ. నలుగురిలో దృఢమైనవాడు, తెడ్డు వేయడంలో ఆరితేరినవాడు, ఇంజనుకు నూనె వేసే పనివాడు. ఒడ్డు చేరే ముందు పోయినవాడు అతడే. గాయపడిన కెప్టెను బతికాడు.

'గాలివాన'లోనూ ఇదే జరిగింది. ఆ రాత్రి స్టేషన్లో రావుగారిని నిలబెట్టింది ఆయన వేదాంతం కాదు. రైల్లో ఆయన ఈసడించిన బిచ్చగత్తె ధైర్యం, ఆమె ఒంటి వెచ్చదనం. తెల్లవారేసరికి శిథిలాల మధ్య ఆమె శవమై ఉంది. బతకడం తెలిసిన మనిషి పోయింది. ఆమెను పట్టుకుని బతికినవాడు మిగిలాడు. గాలివాన గురువే అయితే పాఠం ఒకరికి, మరణం మరొకరికి ఎందుకు? రావుగారికి నేర్పింది గాలి కాదు, ఆమె.

అయితే రెండు కథలకూ ముఖ్యమైన భేదం ఉంది. క్రేన్ పడవలో నలుగురిదీ ఒకే ప్రమాదం. పద్మరాజు కథలో ఆమె చేతిలో రావుగారి పర్సూ, టిక్కెట్ల డబ్బూ ఉన్నాయి. గాలికి పేదా గొప్పా తేడా లేదు. కాని ఆ రాత్రి రావుగారిని వదిలి ఆమె ఆ డబ్బు కోసం వెళ్లిందంటే అందుకు కారణం గాలి కాదు, లేమి. ప్రకృతి ఉదాసీనతను చెబుతూనే సమాజం ఉదాసీనతను కూడా చూపడం ఈ కథ సాధించిన అసలు విజయం.

ఒక్క లోటు చెప్పుకోవాలి. క్రేన్ నలుగురిలో పేరు పెట్టింది ఒక్కరికే, చనిపోయిన బిల్లీకి. కథ ముగిసినా బిచ్చగత్తె పేరు మనకు తెలియదు. రావుగారి దుఃఖం నిజమైనదే. కాని ఆ దుఃఖానికి ఒక ముఖం ఉంది, పేరు లేదు.