ఆరు దినముల సెలవు

రష్యను దర్శకుడు గ్రిగొరీ చుఖ్రాయ్ 1959లో తీసిన ‘ఒక సైనికుని గాథ’ను యుద్ధచిత్రముల పట్టికలో చేర్చుట పరిపాటి. కాని అందు యుద్ధము మొదటి కొద్ది నిమిషములతోనే తీరిపోవును. చివరి భాగమున ఒకచోట ఆకాశము నుండి బాంబులు పడును. తక్కినదంతయు దాదాపు రైలు ప్రయాణమే. పందొమ్మిదేండ్ల అల్యోషా అను సైనికుడు తల్లిని చూచుటకై స్వగ్రామమునకు పోవుచున్నాడు. ఇంత చిన్న కథ గంటన్నరకు దగ్గరగా మనలను కదలనీయక కూర్చుండబెట్టుటకు కారణమేమో విచారింపదలచితిమి.

కథకు ఆయువుపట్టు ఒక లెక్క. శత్రువుల టాంకులు మీదికి రాగా అల్యోషా ప్రాణభీతితో పరుగిడి, పరుగిడి, వేరు దారి లేక రెండింటిని పడగొట్టెను. ఆ పరుగును చూపునప్పుడు కెమెరా తలక్రిందులై నేల ఆకాశమగును. భయమును ఇంతకన్న సూటిగా చూపుట కష్టము. సేనాధిపతి పతకమిచ్చెదనన్నాడు. కుర్రవాడు పతకమునకు బదులుగా ఇంటికి పోయి అమ్మను చూచి, ఇంటికప్పు బాగుచేసి వచ్చెదనని అడిగినాడు. పోవుటకు రెండు దినములు, వచ్చుటకు రెండు, కప్పునకు రెండు. దూరదేశమున కొలువు చేయుచు పుట్టినయూరికి సెలవు చీటీ వ్రాసికొన్న మనవారందరికి ఈ కూడికలు, తీసివేతలు కంఠస్థమే గదా!

ఆ ఆరు దినములను ఎవ్వరును దొంగిలింపలేదు. అల్యోషాయే ఒక్కొక్క గంటగా పరుల అవసరములకు ఖర్చు పెట్టుకొనును. దర్శకుని ప్రజ్ఞ ఈ ఖర్చును చూపిన తీరులో ఉన్నది. ఎచ్చటను త్యాగమను మాట వినిపించదు. సాయము అడిగినవారి ముఖము చూచి కాదనలేకపోవుట, అంతే.

మొదటి ఖర్చు వాస్య అను సైనికుని కొరకు. ఒక కాలు పోయి ఇంటికి పోవుచున్న వాస్య, కుంటివాడనైతినని భార్యకు ముఖము చూపలేక, ఇక రానని తంతి పంపబోవును. అతని పెట్టె మోయుచు వచ్చిన అల్యోషాకు తన రైలు తప్పిపోవును. ఇచ్చట తంతి గుమాస్తా అగు స్త్రీ ఆ కాగితమును చదివి మండిపడి అతనిని నిలదీయును. మేము బ్రదుకంతయు కిటికీ వెనుక కూర్చుండి ఇతరుల కాగితములు పుచ్చుకొన్న వారము. మాటలు లెక్కించి, సొమ్ము పుచ్చుకొని, రసీదు ఇచ్చుటే గుమాస్తా ధర్మమని మాకు నేర్పిరి. ఆమె ఆ ధర్మమును దాటినది. దాటినందుననే ఒక సంసారము నిలిచినది. మన దేశమున తంతి సేవయే 2013లో ముగిసినది. ఇట్లు చదివి కోపగించువారు ఇప్పుడు ఏ కిటికీ వెనుకను ఉందురు? తరువాత స్టేషనులో భార్య ఆలస్యముగా వచ్చి అతనిని కౌగిలించుకొను ఘట్టమున మాట తక్కువ, నటన మిక్కుటము. వాస్యగా నటించిన ఉర్బాన్‌స్కీ ఆ కొద్ది నిమిషములలోనే ప్రధాన పాత్రతో సరితూగినాడు.

సబ్బుల ఘట్టమును గూర్చి కొంత ఆగి చెప్పవలెను. రణరంగమునకు నడచిపోవు పావ్లోవు అను సైనికుడు రెండు సబ్బు బిళ్ళలను తన భార్యకిమ్మని అప్పగించును. యుద్ధకాలమున సబ్బు అమూల్యము. అల్యోషా ఆ ఇల్లు వెదకికొని పోగా, ఆమె వేరొకనితో కాపురమున్నది. ఇచ్చిన సబ్బులను అతడు తిరిగి తీసికొని పావ్లోవు తండ్రికి చేర్చి, కుమారుని పరాక్రమమును గూర్చి అబద్ధమాడి ఆ వృద్ధుని సంతోషపెట్టును. ఆ అబద్ధమునకు మేము వందనము చేయుదుము. ఐనను సబ్బులు లాగికొనుట మాకు సమ్మతము కాదు. పందొమ్మిదేండ్ల బాలుడు అట్లు చేయుట సహజమే. కాని దర్శకుడును ఆ బాలునితో చేరి తీర్పు చెప్పుచున్నాడు. తిండి లేని పట్టణమున ఒంటరియైన ఆ స్త్రీ ఏమేమి పడినదో చూపుటకు ఆయన ఒక్క నిమిషము వెచ్చింపలేదు. కుంటివాని భార్యకు చూపిన దయలో సగమైనను ఈమెకు దక్కి ఉండవలసినది.

గడ్డి మోయు సరుకుల పెట్టెలో అల్యోషాకు తోడైన షురా అను బాలిక కథ వేరొక రుచి. పెట్టెకు కాపలావాడు మాంసపు డబ్బా లంచముగా పుచ్చుకొనుట, క్రూరమృగమని పేరుపడిన అధికారి దానిని తిరిగి ఇప్పించుట హాస్యమునకు చక్కగా కుదిరినవి. షురా ముఖముపై వెలుగును, ఆమె కురులపై గాలిని మాత్రము కొంత తగ్గించిన బాగుండెడిది. పదేపదే చూపగా తీపి ఎక్కువైనది. విడిపోవునప్పుడు అతడు తన ఊరు సొస్నోవ్కా అని కేకవేయును. రైలు చప్పుడులో అది ఆమె చెవి చేరదు. అంతటి తీపికి ఈ ఒక్క చేదు విరుగుడైనది. ఈ పాత్రలు ధరించిన ఇవాషొవ్, ప్రొఖొరెంకో అప్పటికి విద్యార్థులు. పేరుపొందిన నటులను మాన్పించి చుఖ్రాయ్ వీరిని తెచ్చినాడు. తాను స్వయముగా స్టాలిన్‌గ్రాడులో పోరాడిన సైనికుడగుటచే, సైనికుడనగా ఎంత పసివాడో ఆయన ఎరుగును. 1960లో కాన్ ఉత్సవమున చిత్రమునకు బహుమతి లభించుట సబబే.

అల్యోషా మరలి రాడని చిత్రము మొదటనే చెప్పివేయుట లోపమనువారు కలరు. మేము ఒప్పుకొనము. తెలిసియుండుటచేతనే అతడు పరులకిచ్చిన ప్రతి గంటకును మన గుండె కలుక్కుమనును. ఆపుమని అరవబుద్ధి పుట్టును, ఆపిన అతడు అల్యోషా కాడు. మన సంఘపు కుటుంబములలోను బెంగుళూరికో, వెల్లింగ్టనుకో సైనిక శిక్షణకై కొడుకును రైలెక్కించిన ఇండ్లు కలవు. ఆ తల్లులకు ఈ చిక్కు వివరింపనక్కరలేదు.

కడకు తల్లి వంతుకు మిగిలినవి కొన్ని నిమిషములు. వంతెన కూలి, రైలు కాలి, లారీ పట్టుకొని అతడు ఊరు చేరునప్పటికి తల్లి పొలములో ఉన్నది. ఆమె పరుగెత్తుకొని వచ్చుచున్నది. లారీ దారిమీద వేచియున్నది. ఇన్నేండ్లుగా కూడబెట్టుకొన్న మాటలలో ఒక్కటియు ఆమెకు జ్ఞప్తికి రాదు. గడ్డము గీసికొనుచున్నావా, పొగ త్రాగుచున్నావా అని అడుగును.