పాయింట్లు కలిపితే న్యాయమా?

ఫోనులో చదరంగం ఆడే పిల్లలకి రేటింగంటే పరీక్ష మార్కులంత బెంగ. తమకన్నా పెద్ద అంకె ఉన్నవాళ్ళని గెలిస్తే ఎక్కువ పాయింట్లు, చిన్న అంకె వాళ్ళని గెలిస్తే తక్కువ. 1970లో ఫిడే చేపట్టిన ఎలో పద్ధతికి మూలం ఇదే. న్యాయంగానే ఉంది కదూ! కాని మన మెట్టసీమలో జగ్గయ్యపేట పిల్లలు తమలో తామూ, నందిగామ పిల్లలు తమలో తామూ ఆడుకుంటే? ఎంత ఆరితేరినా ఉన్న పాయింట్లే చేతులు మారతాయి.

ఆడవాళ్ళ రేటింగులకీ ఇదే తంటా వచ్చిందని 1987లో ఫిడే మహిళలకి తలా 100 పాయింట్లు కలిపింది, ఎక్కువగా మగవాళ్ళతో ఆడిన 17 ఏళ్ళ సుసాన్ పోల్గార్‌కి తప్ప. దాంతో ఆమె మొదటి స్థానం పోయింది. గడప దాటిన పిల్లకే జరిమానా అన్నమాట! అదే ఏడు గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, 2002లో 15 ఏళ్ళకే, ఆడా మగా తేడాలేని గ్రాండ్‌మాస్టర్ బిరుదు తెచ్చుకుంది.

అంకెలు సరిదిద్దితే చాలదు. ఎదుట కూర్చునేవాళ్ళు మారాలి. ఆడపిల్లని పోటీకి పక్క ఊరు పంపడానికి మనం సిద్ధమేనా?