పటిక బిర్యాన్

హైదరాబాద్ పాతబస్తీ మూలికల దుకాణాల్లో కరక్కాయల పక్కన, ఉసిరిక పెచ్చుల పక్కన పటిక గడ్డలు కనిపిస్తాయి. చూపుకి పటికబెల్లం, నాలుకకి వగరు. సెలూన్‌లో గడ్డం గీశాక చెంపకు రుద్దేది ఇదే. దిష్టి తగలకుండా నల్లగుడ్డలో కట్టి గుమ్మానికి వేలాడదీసేదీ, బురద నీళ్లను తేర్చేదీ ఇదే. తెలుగువాళ్లు పటిక అని, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఫిట్కరీ అని అడుగుతారు.

చార్మినార్ పక్కనే, ఏడవ నిజాం కాలంలో కట్టిన నిజామియా ఆసుపత్రి ఉంది. అక్కడి యునానీ వైద్యంలో దీని పేరు షిబ్బె యమానీ, అంటే యెమెన్ పటిక. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల వారసులు ఈ నగరంలోనే, బార్కస్‌లో ఉంటున్నారు. ఆ లెక్కన పటిక పేరు కూడా పాతబస్తీకి చుట్టమే.

హకీములు పటికను కొన్ని మందుల్లోకి పచ్చిగా వాడరు, పొంగిస్తారు. గడ్డను దంచి ఇనుప పెనం మీద పోస్తే, నీళ్లు మరిగేంత వేడి రాకముందే, 92 డిగ్రీల దగ్గరే అది కరిగిపోతుంది. బయటినుంచి చుక్క నీరు పోయనక్కర్లేదు. ఆ తర్వాత బుడబుడమని ఉడికి, నురగలా లేచి, చివరికి బొరుగులా తేలికైన తెల్లని ముద్దగా మిగులుతుంది. దాన్ని బిర్యాన్ అంటారు. పారసీలో ఆ మాటకు వేయించినది అని అర్థం; బిర్యానీ పేరు పుట్టింది కూడా ఆ మాటలోంచే.

అలా ఉడకడానికి నీళ్లు ఎక్కడివి? పటిక పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేట్. దాని ప్రతి అణువూ 12 నీటి అణువులను పొదువుకుని ఉంటుంది. బరువులో 45 శాతానికి పైగా నీరే. వంద గ్రాములు పెనం మీద వేస్తే చివరికి మిగిలేది సుమారు 54 గ్రాములు.

నీరంతా పోయాక మిగిలిన ఈ పదార్థానికి ప్రకృతిలో ఒక జంట ఉంది. దాని పేరు స్టెక్లైట్. రష్యాలోని కమ్చట్కాలో, 1975–76లో బద్దలైన టోల్బాచిక్ అగ్నిపర్వతం దగ్గర, వేడి వాయువులు ఎగజిమ్మే రంధ్రాల్లో దొరికింది. పల్చటి గాజు రేకుల్లా ఉంటుంది కనుక, గాజుకు రష్యన్ మాటైన స్టెక్లో నుంచి ఆ పేరు పెట్టారు. రసాయన కూర్పు చూస్తే పొంగించిన పటికా అదీ ఒకటే.

భూమి మీద పొటాషియానికీ అల్యూమినియానికీ గంధకానికీ కరువు లేదు. అయినా స్టెక్లైట్ అరుదు. గంధకపు ఆవిర్లు రాతిని తిన్న చోట సల్ఫేట్లు పుడతాయి. అవి నీటిని దగ్గరికి రానివ్వకుండా ఉండాలంటే నేల కాలుతూనే ఉండాలి. చల్లబడి తడి తగిలితే పటిక జాతి లవణాలు తయారవుతాయి. ఇటలీలో వుల్కానో దీవి రంధ్రాల చుట్టూ కనిపించే పటిక ఆ కోవలోదే.

హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నిప్పు కక్కే కొండ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఆ కొండ చేసే పనిని ఇక్కడ పొయ్యీ, పెనమూ, మంట ఎప్పుడు తగ్గించాలో తెలిసిన చెయ్యీ చేస్తున్నాయి. మంట మితిమీరితే గంధకపు ఘాటు వాయువులు లేచి మందు పాడవుతుంది. అందుకే పొంగు ఆగి, బుడబుడ చప్పుడు అణగగానే పెనం దించేస్తారు. చల్లారాక నూరి, సీసాలో పోసి మూత బిగిస్తారు. వానాకాలంలో ఆ మూత కాస్త వదులైనా చాలు, పోగొట్టుకున్న నీటిని పటిక గాలిలోంచి మళ్లీ మెల్లగా తాగడం మొదలుపెడుతుంది.