గాజుల దగ్గర ఒకటి, ముంగురుల దగ్గర ఇంకొకటి

పెళ్లికూతురి ఫొటోను మండపం లైట్ల నుంచి విడదీసి ఆల్బమ్ పేజీ మీద పెట్టాలి. ఫొటోషాప్‌లో ఈ పనికి బాగా వాడుకలో ఉన్న దారులు రెండు. ఒకటి పెన్ టూల్, 1991లో వెర్షన్ 2.0తో వచ్చింది. రెండోది సెలెక్ట్ సబ్జెక్ట్, 2018లో వచ్చింది; ఒక్క క్లిక్‌తో మనిషిని పట్టేస్తుంది. దాంతో పెన్ టూల్ పని అయిపోయిందని కుర్రవాళ్లు, పెన్ పట్టనివాడికి కటింగే రాదని పాతవాళ్లు అంటుంటారు. నేను రెండు మాటలూ ఒప్పుకోను.

గాజులు, వడ్డాణం, పట్టుచీర అంచు చూడండి. ఇవన్నీ గట్టి అంచులు. పాయింటు పెట్టి, హ్యాండిల్ లాగి వంపు తిప్పితే పెన్ గీసిన గీత ఎంత పెద్దది చేసినా నున్నగానే ఉంటుంది. మోచేయి చీకట్లో కలిసిపోయినా, చెయ్యి అక్కడితో ఆగదని గీసేవాడికి తెలుసు. సెలెక్ట్ సబ్జెక్ట్ లెక్క వేరు. ఎన్నో ఫొటోలతో నేర్చుకున్న పోలికను బట్టి మనిషి ఎక్కడిదాకా ఉందో అది అంచనా వేస్తుంది. ముఖం, భుజాలు చక్కగా పడతాయి. కానీ నడుం మీద చెయ్యి పెడితే ఏర్పడే సందులో వెనక తెర కనిపిస్తుంటే, దాన్నీ ఒంట్లో కలిపేసుకోవచ్చు. జుంకాకీ మెడకీ మధ్య ఖాళీ దగ్గరా ఇదే గొడవ. ఇలాంటి చోట్ల నా ఓటు పెన్‌కే.

ముంగురుల దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. పెన్ గీతకు లోపల, బయట అనే రెండే తెలుసు. పిక్సెల్ కన్నా సన్నని వెంట్రుక ఆ రెండింటికీ లొంగదు. ఆ ఒక్క పిక్సెల్‌లోనే వెంట్రుక రంగు, వెనక లైటు రంగు కలిసి ఉంటాయి. మన చేతిలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు. కనిపెట్టాల్సినవి ఏడు: వెంట్రుకవి మూడు, వెనక రంగువి మూడు, వెంట్రుక ఆ పిక్సెల్‌ని ఎంతమేర కప్పిందన్నది ఒకటి. మూడింటితో ఏడు తేలవు కాబట్టి ఏ సాఫ్ట్‌వేరైనా ఊహించక తప్పదు. ఈ ఊహకు గణితం కావాలి, చేతి నేర్పు చాలదు. అందుకే పెన్‌తో కోసిన తలలు ఫ్లెక్సీల మీద గుండ్రంగా చెక్కినట్టుంటాయి. అంచును మెత్తబరిచే ఫెదర్ పెంచితే జుట్టుతో పాటు గాజులూ మసకబారతాయి, అది మందు కాదు. సెలెక్ట్ సబ్జెక్ట్ తరవాత సెలెక్ట్ అండ్ మాస్క్‌లోకి వెళ్లి, జుట్టు అంచున రిఫైన్ ఎడ్జ్ బ్రష్ తిప్పితే పాయలు పాయలుగా బయటికొస్తాయి.

అప్పటికీ జుట్టు చివర్లకు వెనక లైటు రంగు అంటుకునే ఉంటుంది. దానికోసమే 2010లో సీఎస్5తో డీకంటామినేట్ కలర్స్ వచ్చింది. అది అంచు పిక్సెళ్ల రంగునే మార్చేస్తుంది కాబట్టి ఫలితాన్ని కొత్త లేయర్‌లోకి తీసుకోవాలి, అసలు ఫొటో కింద భద్రంగా ఉండాలి. ఎరేజర్‌తో చెరిపే అలవాటును మాత్రం నేను అసలు సమర్థించను. సేవ్ చేసి మూసేశాక, చెరిపిన జుట్టు మళ్లీ రాదు. చెరపకుండా దాచిపెట్టే మాస్క్ అయితే ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు.

కాబట్టి ఒకే మాస్క్‌లో ఒంటికి పెన్, జుట్టుకు బ్రష్ వాడాలి. కింద ఒకసారి తెల్లరంగు, ఇంకోసారి ముదురు ఎరుపు నింపి చూస్తే, ఖాళీని చూపే గళ్ల తెర మీద దాక్కున్న మచ్చలన్నీ బయటపడతాయి. తల మీది నెట్ మేలిముసుగుకు మాత్రం పెన్ పనికిరాదు, క్లిక్ మీదా భరోసా లేదు. వెనక తెర ఎంత కనిపిస్తుందో చూసుకుంటూ, మెత్తని బ్రష్‌తో మాస్క్ మీద బూడిదరంగు చేత్తోనే వెయ్యాలి.